చెఱసాలలోని మొఱ: భద్రాచల రామదాసు చరిత్రము

దుఃఖము గలిగినపుడు కన్నీరు విడుచుట విశ్వాసహీనత యనియు, దైవమును ప్రశ్నించుట పాపమనియు దలంచువారు మనలో ననేకులు గలరు. పుత్రశోకమున గుమిలెడు తల్లిని సయితము, అంతయు నీశ్వరేచ్ఛ యని చెప్పి నోరు మూయించువారిని మేము చూచుచున్నాము. అట్టివారు రామదాసుని చరిత్ర నొకసారి తలపోయుదురు గాక.

ఇతని పేరు కంచెర్ల గోపన్న. ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి యితని స్వగ్రామము. 17వ శతాబ్దమున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానాషాకు అక్కన్న మాదన్నలు ప్రధానోద్యోగులై యుండిరి. ఆ కాలమున గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. గోదావరీ తీరమున భద్రగిరియందు శ్రీరామునకు ఆలయము గట్టించి, విలువగల నగలు చేయించెను. సర్కారు శిస్తుసొమ్ము నిందులకు వెచ్చించెనని నేరము మోపి, అతనిని గోలకొండ కోటలో ఖైదు చేసిరి. ఆ సొమ్ము ఆఱు లక్షలనియు, ఖైదు 12 సంవత్సరములనియు జనశ్రుతి.

న్యాయవాద వృత్తియందున్న మేము ఈ యభియోగమును తేలికగా త్రోసివేయజాలము. రైతు చెల్లించిన శిస్తునకు ఉద్యోగి ధర్మకర్త మాత్రమే. సదుద్దేశము లెక్కకు బదులు కానేరదు. కావున గోపన్న నిర్దోషియని వాదించుట మా యుద్దేశము గాదు. ఆ చీకటికొట్టులో నతడు ప్రార్థించిన విధమే మాకు ముఖ్యము.

చెఱలో నతడు పాడినవని పరంపరగా వచ్చుచున్న కీర్తనలను పరిశీలింపుడు. తెచ్చిపెట్టుకొన్న శాంతము వానిలో లేదు. అతడు తాను చేయించిన యొక్కొక్క నగను, దానికైన వ్యయమును పేరు పేరున లెక్కగట్టి, వానిని ధరించి యూరకుండుట న్యాయమా యని ప్రభువునే నిలదీసెను. కోపము హద్దు మీఱి నిందించెను. పిమ్మట, దెబ్బల బాధ కోర్వలేక నోరు జాఱితినని క్షమాపణ వేడెను. ప్రభువు పలుకకున్న, తన మాట చెవిని వేయుమని సీతమ్మను బ్రతిమాలెను.

ఇది భక్తియా, ధిక్కారమా యని కొందఱు శంకింతురు. మేమొక్క మాట యడిగెదము. న్యాయము జరుగునను నాస లేనివాడు న్యాయస్థానమున వ్యాజ్యము వేయునా? వినువాడు లేడని నమ్మినవాడు రాతిగోడల నడుమ మొఱపెట్టుకొనునా? గోపన్న యెంత నిందించినను వేఱొక వాకిలి త్రొక్కలేదు. అతని కినుకయే యతని నమ్మికకు సాక్ష్యము. లోపల గుండె మండుచుండగా పెదవులతో స్తోత్రము చదువువాడు దైవసన్నిధిని కూటసాక్ష్యము పలుకుచున్నాడు. గోపన్న యట్టి పని చేయలేదు.

రామలక్ష్మణులు మాఱువేషమున వచ్చి తానాషాకు సొమ్ము చెల్లించి యతనిని విడిపించిరని కథ గలదు. ఆ మొఱ సత్యమనుటకు ఈ విడుదలయే ప్రమాణమని పలువురు చెప్పుదురు. మేము దీని నంగీకరింపజాలము. ఒక్క నాణెమైనను రాకయున్నచో, అతని ప్రార్థన యబద్ధమగునా? విడుదలకు ముందటి రాత్రి పెట్టిన మొఱకును, పిమ్మట చేసిన స్తుతికిని విలువ యొక్కటే.

1687లో ఔరంగజేబు గోలకొండను బట్టుకొనెను. తానాషా తానును బందీయయ్యెను. ఖైదు చేసిన ప్రభుత్వ మంతరించినను, ఖైదీ మొఱ నేటికిని తెలుగు నోళ్ల నాడుచున్నది. 1767 మొదలు 1847 వఱకు జీవించిన త్యాగరాజు సయితము రామదాసుని భక్తితో స్మరించెను.

కావున సోదరులారా, శోకగృహమునకు బోయినపుడు తత్త్వోపదేశమునకు తొందరపడకుడు. ఏడ్చువారి నేడ్వనిండు, దైవముతో వారు వాదులాడినచో వాదులాడనిండు. ఆ వాదము సాగుచున్నంతకాలము వారు దైవమును విడిచిపోలేదని తెలిసికొనుడు.