జలనిపుణుడు డాక్టర్ కె.ఎల్. రావు

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు తన కుడి ఒడ్డున తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలను సస్యశ్యామలం చేస్తుంది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ పల్లపు నేలలకు కాలువ నీరే ప్రాణాధారం. వానకాలంలో ఆ నీరే ప్రాణసంకటంగా మారుతుంది. ఎగువ నుంచి వరద, పైనుంచి వాన, దిగువ నుంచి సముద్రపు పోటు ఒక్కసారిగా వస్తే నీరు పోవడానికి దారి ఉండదు. నదిని పుట్టుక నుంచి సంగమం వరకు ఒక్కటిగా చూచి, ఇటువంటి చిక్కులకు పరిష్కారాలు వెదకిన మేధావి డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జులై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదవ ఏటనే తండ్రిని కోల్పోయారు. బడిలో ఆడుకొంటూ ప్రమాదవశాత్తు ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. అయినా విద్యపై ఆసక్తి సడలలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టం పొందిన తొలి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకున్నారు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వంలోను, 1950 నుంచి కేంద్ర జల విద్యుత్ సంఘంలోను డ్యాముల రూపకల్పనలో నిమగ్నులయ్యారు.

నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన ప్రతిభ ప్రస్ఫుటమైంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ డ్యామును రాతికట్టడంగా నిర్మించారు. వేలాది శ్రామికులకు అది ఉపాధి కల్పించింది. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలైంది.

1963లో ఆయనకు పద్మభూషణ్ పురస్కారం లభించింది. విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికై, 1963 నుంచి సుమారు పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు నిర్వహించారు. కృష్ణా, గోదావరి డెల్టాల ముంపును పరిశీలించిన మిత్రా సంఘం ఆ కాలంలోనే ఏర్పడింది. డెల్టాలో మురుగు కాలువల పనులకై ప్రత్యేక పన్ను విధించే రాష్ట్ర చట్టం 1968లో వచ్చింది. పొలానికి నీరిచ్చే కాలువ ఎంత ముఖ్యమో, మిగులు నీటిని సముద్రానికి చేర్చే మురుగు కాలువ కూడా అంతే ముఖ్యమని డెల్టా గ్రహించిన కాలమది.

వరదకాలంలో గంగాజలాలను కావేరి వరకు తరలించాలని 1972లో ఆయన ప్రతిపాదించారు. 2,640 కిలోమీటర్ల ఆ పథకం అపారమైన వ్యయం, విద్యుత్ అవసరాల కారణంగా కార్యరూపం దాల్చలేదు. 1986 మే 18న ఆయన కన్నుమూశారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరు పెట్టి ఆంధ్రులు తమ కృతజ్ఞతను చాటుకున్నారు.

ఆయన తరువాతి కాలంలో కృష్ణమ్మ రెండు కఠిన పరీక్షలు పెట్టింది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి ఒక దశలో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎగువ జలాశయాలు ఆ ఉద్ధృతిని తగ్గించగా, ప్రకాశం బ్యారేజి వద్ద అది 11 లక్షలకు దిగింది. అయినా రేపల్లె వైపు కరకట్టకు గండి పడింది. 2024 సెప్టెంబరులో ఎగువ వరదకు సాగర్ దిగువన కురిసిన కుండపోత వాన తోడైంది. పులిచింతలకు దిగువన కలిసే మున్నేరు వంటి ఏరులు కూడా పొంగాయి. బ్యారేజి వద్ద ప్రవాహం మళ్లీ 11 లక్షలు దాటి, లంక గ్రామాలు మునిగాయి. డ్యాముకు దిగువన పుట్టే వరదను ఆ డ్యాము ఆపలేదని ఈ అనుభవం బోధించింది.

భూతాపం పెరిగిన నేటి కాలంలో కొద్ది గంటల్లోనే భారీ వర్షాలు కురుస్తున్నాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ మురుగు కాలువల నీరు కడలిలో కలవడం కష్టమవుతుంది. కనుక జలాశయాలలో వరదకు ముందే చోటు మిగల్చాలి. కరకట్టలను వేసవిలోనే పటిష్ఠం చేయాలి. నల్లమడ, రేపల్లె మురుగు కాలువలలో గుర్రపుడెక్కను, పూడికను తొలగించాలి. లంకవాసులకు సకాలంలో హెచ్చరిక అందాలి. డ్యాము నిర్మాణానికి ఇచ్చే ప్రాధాన్యం ఈ చిన్న పనులకూ ఇచ్చినప్పుడే లక్ష్మణరావుగారి కృషికి సార్థకత చేకూరుతుంది.