మలపాత్రలు కడిగిన చేతులు

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకి బోదకాలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ జబ్బును తరిమేందుకు ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్రలు మనలో చాలామందిమి మింగినవాళ్ళమే. ఆ మందు 1947లో అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయం నుండి వెలువడింది. అక్కడ పరిశోధనకు సారథ్యం వహించినవారు మన పొరుగువారే. దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి, పాలకొల్లు మీదుగా పోతే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. సప్లిమెంటరీ రాసే మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి! మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే దొరగారికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు, మన పెద్దలు సంగ్రహణి అనే తరహాది, ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. ఆయనకూ అదే సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం బతికించింది. అన్నదమ్ములను కాపాడుకోలేని ఆ దుఃఖం ఎంతటిదో ఊహించుకోవలసిందే.

ఇల్లాలు శేషగిరి గారిని ఇక్కడే విడిచి బోస్టన్ చేరారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరి రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. పగలు హార్వర్డులో చదువు. ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో లోకానికి తెలియజేశారు. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లేకు వెళ్ళారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకే అది మందయింది! ఆయన నాయకత్వంలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. అనేక రకాల రోగక్రిముల మీద పనిచేసే యాంటీబయాటిక్ అది. 1948లో దాన్ని ప్రకటించారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు.

కథ అక్కడితో ముగియలేదు. ఇటువంటి మందులు కోట్లమందిని బతికించాయి, నిజమే. కాని అవి పేగుల్లోని చెడ్డ క్రిములతోపాటు మంచివాటిని కూడా చంపుతాయి. ఖాళీ అయిన చోట డిఫిసీల్ అనే క్రిమి చేరి ఆగని విరేచనాలు కలిగిస్తుంది. 1958లో డెన్వర్ నగర వైద్యులు ఇటువంటి పేగు వాపుతో ఉన్న నలుగురికి ఆరోగ్యవంతుల మలాన్ని ఎనీమాగా ఇచ్చి నయం చేశారు. 2013లో వెలువడిన డచ్చి పరిశోధనలో డిఫిసీల్ మాటిమాటికీ తిరగబెట్టిన 16 మందిలో 15 మందికి ఈ చికిత్సతో గుణమిచ్చింది. యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే 13 మందిలో నలుగురికే నయమైంది.

మరి ఎవరి మలమైనా పనికొస్తుందా? రాదు. ముందు దాతను కూర్చోబెట్టి అడుగుతారు: ఈమధ్య యాంటీబయాటిక్ మింగావా, ఎక్కడెక్కడ తిరిగావు, పచ్చబొట్టు పొడిపించుకున్నావా, ఇంట్లో ఎవరికైనా పేగుల జబ్బులున్నాయా అని. తరువాత ఎయిడ్స్, కామెర్ల వైరస్సులు, సిఫిలిస్ ఉన్నాయేమో రక్తంలో చూస్తారు. నులిపురుగులు, విరేచనాల క్రిములు, మందులకు లొంగని మొండి క్రిములు ఉన్నాయేమో మలంలో వెదుకుతారు. ఇచ్చిన మలాన్ని గడ్డకట్టించి దాచి, దాతకు మళ్ళీ పరీక్షలు చేసి, అంతా సవ్యంగా ఉంటేనే వాడతారు. దాతలుగా ముందుకొచ్చిన వారిలో ఎక్కువమంది ఈ జల్లెడలో నిలవరు. ఇదంతా చాదస్తం అనుకోవద్దు. మొండి క్రిముల పరీక్ష చేయని ఒక దాత మలం వల్ల అమెరికాలో ఇద్దరు రోగులు ప్రమాదంలో పడ్డారనీ, వారిలో ఒకరు మరణించారనీ 2019లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది.

విద్యార్థి మిత్రులారా! ఈ దానానికి వెదికేది మన వయసు ఆరోగ్యవంతులనే. మన దేశంలోనూ లూధియానా వంటి చోట్ల వైద్యులు ఈ చికిత్స చేస్తున్నారు. రేపు ఏ డాక్టరైనా మనను అడిగితే ముక్కు మూసుకోకుండా, సిగ్గుపడి ఏదీ దాచకుండా నిజం చెప్పాలి. ఎందుకంటే ఎన్ని యంత్రాలున్నా మొదటి పరీక్ష దాత నోటి మాటే. ఈలోగా జలుబు చేసిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్కులు మింగే అలవాటు మానుకుందాం.

బోస్టన్ ఆసుపత్రిలో మలపాత్రలు కడిగిన చేతులే ఆ తరువాత లోకానికి మందులు ఇచ్చాయి. ఆ చేతులకు అసహ్యం లేదు, కొలవకుండా దేన్నీ నమ్మే అలవాటూ లేదు. మన పొరుగువాడి నుంచి మనం నేర్చుకోవలసినవి ఆ రెండే.