పాడిందే పాడుతూ... త్యాగరాజస్వామి

పుష్య బహుళ పంచమి దగ్గరపడుతోందంటే మన ఇళ్ళలో పంచరత్నాల సాధన మొదలవుతుంది. పాడిందే ఎన్నిసార్లు పాడాలని పిల్లలు విసుక్కోవడం, ఫలానా వాళ్ళ అమ్మాయికి అప్పుడే రెండు కృతులు వచ్చేశాయని మనం దెప్పడం, రెండూ మామూలే. అందుకే ఈసారి స్వామివారి జీవితాన్ని ఆ వైపు నుంచి చూద్దాం.

త్యాగరాజు 1767లో తిరువారూరులో కాకర్ల రామబ్రహ్మం, సీతమ్మ దంపతులకు జన్మించారు. పూర్వీకులది కంభం దగ్గరి కాకర్ల గ్రామం అని చెబుతారు. కావేరి ఒడ్డుకు వలస వెళ్ళినా ఇంట్లో తెలుగు పోగొట్టుకోని కుటుంబం. ఈ సంగతి మనలాంటి వాళ్ళం కాస్త ఆగి తలుచుకోవలసిందే! తరువాత కాపురం తిరువయ్యారుకు మారింది. అక్కడ తంజావూరు ఆస్థాన విద్వాంసులైన శొంఠి వెంకటరమణయ్య గారి వద్ద సంగీతం నేర్చుకున్నారు.

ఆయన రామతారక మంత్రాన్ని రోజుకు లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్ళలో 96 కోట్లు జపించారని సంప్రదాయం. రోజుకు 86,400 సెకన్లే కదా అని వెంటనే లెక్క కట్టే పిల్లలు మనలో ఉన్నారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. కానీ పెద్దలు ఆ అంకెతో చెప్పదలచుకున్నది, ఆ నాలుక ఒక్క రోజు కూడా విరామం తీసుకోలేదని. శరభోజీ మహారాజు ఆస్థానానికి పిలిస్తే వెళ్ళలేదనీ, దానికి అన్నగారు మండిపడి పూజా విగ్రహాలను కావేరిలో పారవేశారనీ కథలు. ఉంఛవృత్తితోనే జీవితం గడిచింది.

జపంలోని ఆ పద్ధతే ఆయన పాటలోనూ మనకు వినిపిస్తుంది. పల్లవి మొదట సాదాగా వస్తుంది. రెండోసారి అదే మాట, ఒక్క స్వరం మాత్రం కాస్త పైకి వంగుతుంది. మూడోసారి ఇంకొంచెం. వీటినే సంగతులు అంటాం. సంగతులను కృతికి ప్రాణంగా నిలబెట్టిన ఘనత ఆయనదే. ఖరహరప్రియలోని చక్కని రాజమార్గము వినండి, మాట మారదు, అర్థం మాత్రం ప్రతిసారీ పెరుగుతుంది. మొదటి సంగతి గొంతులో స్థిరపడకుండా రెండోది నిలవదు. సంగీతం టీచర్లు పాపం వారాల తరబడి ఒకే లైను పాడిస్తే, పిల్లవాడికి ఏమీ రావడం లేదని మనమే తొందరపడతాం.

అలా పాడిస్తే అందరూ ఒక్కలాగే తయారవుతారా? శిష్యులను చూస్తే తెలుస్తుంది. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు కృతులను రాసి భద్రపరిచారు. ఉమయాళ్పురం సోదరులది ఇంకో బాణీ, తిల్లైస్థానం వారిది మరొకటి. గురువు ఒక్కరే, పాఠాంతరాలు మాత్రం వేరువేరు. అదే తిరువారూరులో 1762లో శ్యామశాస్త్రి, 1775లో ముత్తుస్వామి దీక్షితులు పుట్టారు. ముగ్గురూ తోడి రాగంలో రచించారు. కాస్త చెవి ఉన్నవారెవరైనా ఏది ఎవరిదో ఇట్టే చెప్పేస్తారు. అదే రాగం, అవే స్వరాలు!

స్వామివారు చివరి రోజుల్లో సన్యాసం స్వీకరించి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున ఆ సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ గారు.

శిష్యులలో మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి విద్య మన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి ద్వారా కృష్ణాతీరానికి చేరింది. ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి, పంతులు గారి నుంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి. బాలమురళి గారు గురువుగారిలా పాడలేదు. పంతులు గారి దగ్గర కూర్చుని నేర్చుకున్నవి మాత్రం ఆ కృతులే.