పులులను వేటాడినాయన పేరు అడవికెందుకు పెట్టారు?

మేం నైరోబీ వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఊరి నుంచి ఎవరొచ్చినా మసాయి మారాకో, నకురుకో తీసుకెళ్లడం ఇక్కడి తెలుగువాళ్లందరికీ అలవాటే. సింహాలను, ఏనుగులను చూసి చూసి మా అమ్మాయికి సఫారీ అంటే పక్క వీధికి వెళ్లొచ్చినట్టు అయిపోయింది. ఆఫ్రికా అడవుల్లో లేనిది పులి ఒక్కటే. అందుకని మొన్న ఫిబ్రవరిలో ఇండియా వెళ్లినప్పుడు, ఢిల్లీలో దిగగానే ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ నేషనల్ పార్కుకు బయల్దేరాం. ఆ తర్వాత మార్కాపురం దగ్గర మా ఊళ్లో రెండెకరాల పొలం అమ్మే పని కూడా ఉంది.

రామ్‌నగర్‌లో బస. తెల్లవారకముందే జిప్సీ ఎక్కి బిజ్రానీ గేటు దాటాం. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. రెండువైపులా నిటారుగా సాల వృక్షాలు. ఒకచోట డ్రైవరు బండి ఆపి ఇంజను కట్టేశాడు. చుక్కల దుప్పి ఒకటి ఉలిక్కిపడి అరిచింది, ఆ వెంటనే చెట్టు మీద కొండముచ్చు అందుకుంది. దారి దుమ్ములో తాజా పులి అడుగులు కనిపించాయి. అరగంట ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పులి మాత్రం కనపడలేదు.

తిరిగొచ్చేటప్పుడు గైడు కార్బెట్ వేట కథలు చెప్పాడు. అవి విని మా అమ్మాయి, ఇన్ని పులులను చంపిన మనిషి పేరు పులుల అడవికి ఎలా పెట్టారు నాన్నా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆయన సమాధి ఉన్నది మేముండే కెన్యాలోనే, నైరోబీకి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని న్యేరిలో అని తెలిశాక, ఇన్నేళ్లూ ఎందుకు పట్టించుకోలేదా అని సిగ్గేసింది. తిరిగొచ్చాక పుస్తకాలు తెప్పించుకుని చదివాను, న్యేరికీ వెళ్లొచ్చాను.

జిమ్ కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేళ్లయినా నిండకముందే ఆయన పోయారు. పెద్ద సంసారాన్ని తల్లి మేరీ ఈదుకొచ్చింది. ఎండాకాలం నైనిటాల్‌లో, చలికాలం కింద కాలాఢుంగీలో ఉండేవాళ్లు. ఇంటి గుమ్మం దాటితే అడవే. ఏ పిట్ట ఎందుకు కూసిందో, ఏ జంతువు ఎటు వెళ్లిందో అడుగులు చూసి చెప్పడం ఆ పిల్లాడికి బడి చదువుకంటే ముందే వచ్చేసింది.

ఇరవై ఏళ్లు నిండకముందే రైల్వేలో చేరారు. తర్వాత బీహార్‌లోని మొకామా ఘాట్‌లో సరుకు ఒక రైలు నుంచి దించి, గంగ దాటించి, ఇంకో రైలుకు ఎక్కించే కాంట్రాక్టు తీసుకున్నారు. రెండు దశాబ్దాలకు పైగా అదే పని. కూలీలతో పాటు తానూ మూటలు మోశారు. వేట ఆయనకు బతుకుతెరువు కాదు. సెలవు పెట్టి వెళ్లి చేసిన పని.

1907లో చంపావత్ ఆడపులి కబురొచ్చింది. అది నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని పొట్టనపెట్టుకుందని లెక్క. ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు, పొలాల్లో పంట అలాగే ఉండిపోయింది. వెళ్లేముందు కార్బెట్ రెండు షరతులు పెట్టారు. పులి తలకు ప్రకటించిన బహుమతి రద్దు చేయాలి, మిగతా వేటగాళ్లను వెనక్కి పిలవాలి. సుమారు 300 మంది గ్రామస్థులు కొండెక్కి కేకలతో, చప్పుళ్లతో అడవిని కదిలిస్తే, ఆ రోజు పులి నేలకొరిగింది. దగ్గరికెళ్లి నోరు చూస్తే కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకీ గుండు దెబ్బ అది. మామూలు వేటను పట్టలేకే అది మనిషి మాంసం మరిగింది.

ఆయన పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించే సంగతి ఇదే. పులి పుట్టుకతో మనిషికి శత్రువు కాదు. గాయం వల్లో, ఒంట్లో దిగిన ఏదుపంది ముళ్ల వల్లో, ముసలితనం వల్లో అలా మారుతుంది. చార్‌ధామ్ యాత్ర చేసిన మన పెద్దవాళ్లకు రుద్రప్రయాగ తెలుసు. ఆ యాత్రా మార్గంలో 1918 నుంచి 1926 వరకు ఒక చిరుత 125 మందిని చంపింది. రాత్రుళ్లు చెట్ల మీద, మంచెల మీద కాపు కాసి 1926 మేలో దాన్ని ముగించింది కూడా కార్బెట్టే.

అలాగని ఆయన్ను దేవుణ్ని చేయలేం. 1930లో పవల్‌గఢ్ దగ్గర ఆయన కాల్చిన పెద్ద మగపులి ఒక్క మనిషినీ తినలేదు. అది కేవలం వేట సరదా. తర్వాత రోజుల్లో వైస్రాయ్ వేటలకూ సాయం చేశారు. కానీ అదే మనిషి క్రమంగా తుపాకీ కంటే కెమెరాను ఎక్కువ ఇష్టపడ్డారు. అడవిలో కూర్చుని పులులను సినిమా తీశారు, బడిపిల్లలకు అడవి గురించి పాఠాలు చెప్పారు. 1936లో ఆ అడవి హేలీ నేషనల్ పార్కు అయింది. మన దేశంలో అదే మొదటి నేషనల్ పార్కు. దాని వెనక ఆయన ప్రోత్సాహం ఉంది. ఆయన పోయాక దానికి ఆయన పేరు పెట్టారు. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైందీ అక్కడే. 2022 లెక్కల్లో ఆ రిజర్వులో 260 పులులున్నాయి.

నన్ను ఎక్కువగా ఆపేసింది ఇంకో సంగతి. 1915లో ఆయన కాలాఢుంగీ దగ్గర ఛోటీ హల్ద్వానీ అనే పాడుబడ్డ ఊరు కొని, రైతు కుటుంబాలను నిలబెట్టారు. పంటలు అడవి పందుల పాలవకుండా ఊరి చుట్టూ రాతి గోడ కట్టించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1947 చివర్లో, అక్క మ్యాగీతో కలిసి కెన్యాకు వచ్చేశారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. పుట్టిన దేశం వదిలి ఇంత దూరం వచ్చాక కూడా ఆ ఊరి శిస్తు తానే కట్టేవారు. ఆ భూములు చివరికి దున్నినవాళ్లకే దక్కాయి.

న్యేరిలో ఆయన ఉన్న ఇల్లు స్కౌట్ ఉద్యమం పెట్టిన బేడెన్ పావెల్ కోసం కట్టింది. 1952 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాకుమారి ట్రీటాప్స్ చెట్టు హోటల్లో రాత్రి గడిపినప్పుడు, 76 ఏళ్ల కార్బెట్ తెల్లవార్లూ నిచ్చెన దగ్గర కాపలా కూర్చున్నారు. ఆ రాత్రే ఇంగ్లండ్‌లోని సాండ్రింగ్‌హామ్‌లో తండ్రి చనిపోయి ఆమె రాణి అయింది. 1955 ఏప్రిల్ 19న గుండెపోటుతో కార్బెట్ కన్నుమూశారు.

సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో ఆయన సమాధి చాలా మామూలుగా ఉంది. అక్కడ నిలబడి అమ్మాయికి నాకు తోచింది చెప్పాను. చంపిన లెక్క చూసి పేరు పెట్టలేదమ్మా, తప్పు పులిది కాదని తెలుసుకుని దాని తరఫున మాట్లాడినందుకు పెట్టారు అని. పవల్‌గఢ్ పులి సంగతేంటని వెంటనే అడిగింది. దానికి మాత్రం జవాబు లేదని ఒప్పుకున్నాను.

మా పొలం సంగతి. ముప్ఫై ఏళ్లుగా దాన్ని కౌలుకు చేస్తున్నది నేను మామా అని పిలిచే పెద్దాయన. అమ్మేయమని చుట్టాలంతా అంటున్నా, ఊళ్లో ఆయనకు ఎదురుపడి ఆ మాట చెప్పలేక కాగితాల పని వాయిదా వేసి వచ్చేశాను. న్యేరి నుంచి తిరిగొచ్చిన రాత్రి ఫోన్ చేశాను. అమ్మాల్సి వస్తే ముందు నిన్నే అడుగుతాను, ధర దగ్గర బేరం ఉండదు, వాయిదాల్లో ఇచ్చినా పర్లేదు మామా అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ఈసారి కందులు బాగా కాశాయి, పంపనా అల్లుడూ అని అడిగాడు.