చదువు ఆగినవారికి డిగ్రీ దారి చూపిన రాంరెడ్డి

అరకు, పాడేరు కొండల్లో పొలం పని విడిచి, వందకు పైగా కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖకు వెళ్లి మూడేళ్లు కాలేజీలో కూర్చునే స్తోమత ఎందరికుంటుంది? చిన్ననాడే బడి మానినవారికి డిగ్రీ అందని పండే. ఉమ్మడి రాష్ట్రంలో అటువంటివారికి దారి తెరిచినవారు ఆచార్య జి. రాంరెడ్డి.

ఆయన 1929లో కరీంనగర్ జిల్లా మైలారం గ్రామంలో జన్మించారు. పంచాయతీరాజ్ పాలనపై పరిశోధనతో పేరు గడించారు. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసిన తరువాత, 1982లో దేశంలోనే మొదటిదైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు.

ఇంటర్ లేని పెద్దవారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్నది అక్కడి ఏర్పాటు. పాఠాలు తెలుగులో అచ్చయ్యేవి, రేడియోలోనూ వినిపించేవి. సందేహాలుంటే సెలవు రోజున దగ్గరి అధ్యయన కేంద్రానికి వెళ్లాలి. ఈ కేంద్రాలను ఉన్న కాలేజీల్లోనే నడిపారు. ఖర్చు తగ్గించిన కిటుకు ఇదే. అయితే కొండమీది వారికి కేంద్రం చేరడమే ఒక ప్రయాణం.

1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ చాన్సలర్ ఆయనే. 1991లో యూజీసీ చైర్మన్ అయ్యారు. హైదరాబాద్ విద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టినదీ ఆ ఏడే. 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం నేడు విశాఖలోనూ ఉంది.