ధన్ గోపాల్ ముఖర్జీ (1890–1936)

చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే కపోతరాజు గురించి మీరు చదివే ఉంటారు. వలలో చిక్కినప్పుడు తన కట్లకంటే ముందు తన పరివారం కట్లు కొరకమని ఎలుకను కోరిన పావురం అది. అదే పేరుగల మరో పావురం కథ 1927లో అమెరికాలో ఇంగ్లీషు నవలగా వెలువడింది. దాన్ని రాసినవారు బెంగాల్‌కు చెందిన ధన్ గోపాల్ ముఖర్జీ. ఈ పాఠంలో ఆయన జీవితాన్నీ, ఆ నవల ప్రత్యేకతనూ తెలుసుకుందాం.

బాల్యం, విద్య

ముఖర్జీ 1890 జూలై 6న కలకత్తా సమీపంలోని ఒక గ్రామంలో జన్మించారు. వారిది ఆలయ పూజారుల కుటుంబం. ఊరి పక్కనే అడవి ఉండటంవల్ల జంతువులు, పక్షులు ఆయనకు చిన్ననాటినుంచే పరిచయం. కులాచారం ప్రకారం ఆయన అర్చకత్వానికి దీక్ష తీసుకున్నారు. కొంతకాలం భిక్షాటన చేస్తూ దేశం తిరిగారు. తరువాత కలకత్తాలో చదువుకున్నారు. అన్న జాదూగోపాల్ జుగాంతర్ విప్లవ సంస్థలో ముఖ్యులు.

విదేశాలలో

చదువుకోసం జపాన్ వెళ్ళిన ముఖర్జీ అక్కడినుంచి అమెరికాలోని కాలిఫోర్నియా చేరారు. చేతిలో డబ్బు లేదు. గిన్నెలు కడిగారు, పొలాల్లో కూలిపని చేశారు. అయినా చదువు మానలేదు. 1914లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంనుంచి పట్టభద్రులయ్యారు. ఆ తరువాత రచననే వృత్తిగా స్వీకరించారు. 1922లో 'కరి' అనే ఏనుగు కథ, 1923లో ఆత్మకథ, 1926లో రామకృష్ణ పరమహంసను గురించిన గ్రంథం ప్రచురించారు.

చిత్రగ్రీవుడు

'గే నెక్' నవలలో కలకత్తా బాలుడొకడు చిత్రగ్రీవుడనే పావురాన్ని పెంచి, వార్తలు మోయడంలో శిక్షణ ఇస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ పావురం, ఘోండ్ అనే వేటగాడితోపాటు ఫ్రాన్సు రణరంగానికి వెళుతుంది. గాయపడినా వార్త చేరవేస్తుంది. సామాన్యంగా సాహస కథలు ఈ విజయంతో ముగుస్తాయి. ముఖర్జీ కథ ఇక్కడ ముగియదు. ఇంటికి తిరిగివచ్చిన పావురం ఎగరడానికే భయపడుతుంది. ఘోండ్ మనసూ యుద్ధం నింపిన ద్వేషంతో జబ్బుపడుతుంది. హిమాలయాలలోని ఒక బౌద్ధమఠంలో, లామాల సాన్నిధ్యంలో, ఇద్దరూ మెల్లగా కోలుకుంటారు.

ఈ నవలలో గమనించవలసిన విషయం ఇదే. స్వామిభక్తి అంటే ప్రాణాలకు తెగించడం మాత్రమే కాదు. పట్టుదల అంటే భయం లేకపోవడమూ కాదు. భయపడినవారిని చిన్నచూపు చూడకుండా, ఓపికతో ఆదరించడం కూడా ధైర్యంలో భాగమే.

ఈ నవలకు 1928లో న్యూబెరీ పతకం లభించింది. అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే ఈ పురస్కారాన్ని పొందిన తొలి భారతీయుడు ముఖర్జీ.

చివరి దశ

భయంనుంచి కోలుకోవడం గురించి రాసిన ఈ రచయిత చివరి ఏళ్ళలో తీవ్రమైన మనోవ్యథకు గురయ్యారు. 1936 జూలై 14న న్యూయార్క్‌లో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. ఇతరుల భయాన్ని అర్థం చేసుకున్నవారికి కూడా ఆదరణ అవసరమని ఆయన జీవితం గుర్తుచేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అమెరికాలో చదువు కొనసాగించడానికి ముఖర్జీ ఏయే పనులు చేశారు?
2. యుద్ధంనుంచి తిరిగివచ్చిన చిత్రగ్రీవుడు ఎందుకు ఎగరలేకపోయాడు? ఎలా కోలుకున్నాడు?
3. నీతిచంద్రికలోని చిత్రగ్రీవునికీ, ఈ నవలలోని చిత్రగ్రీవునికీ గల పోలికలను ఐదు వాక్యాలలో రాయండి.