సముద్రము దాటిన విద్య
కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారి జీవితము

విదేశములకు బోయి చదువుట యెందులకు? పట్టముకొరకా, ధనముకొరకా, లేక మన యింటిని ఒకపరి దూరమునుండి చూచుటకొరకా? ఈ ప్రశ్నకు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారి జీవితము తగిన సమాధానము చెప్పగలదు.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో లెక్కించినది. రాజా రామమోహనరాయలవారు 1830లో ఓడ యెక్కి ఇంగ్లండునకు బోయి, 1833లో బ్రిస్టలు నగరమున కీర్తిశేషులైరి. తరువాత ఎనుబది యేండ్లు గడచినను ఆ శంక దేశమున పూర్తిగా నశింపలేదు. బందరు రేవునుండి అద్దకపు బట్టలు శతాబ్దములకొలది పారసీకమునకును ఐరోపాకును పోవుచుండెను. మన బట్ట దాటిన సముద్రమును మన బిడ్డ దాటరాదనుట యెంత వింత!

రామస్వామిగారు 1887వ సంవత్సరము జనవరి 15వ తేదీన గుడివాడకు సమీపమున నున్న అంగలూరు గ్రామమున రైతుకుటుంబములో జన్మించిరి. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీరు పారిన పల్లెలలో కొంత కలిమి కలిగెను. కలిమి వెంట చదువుపై కోరిక కలిగెను. అయినను రామస్వామిగారికి చదువు సులభముగ సాగలేదు. వారు మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులగునప్పటికి ఇరువదిమూడేండ్లు నిండినవి. 1911లో బందరు చేరి, 1843లో స్థాపితమైన నోబిల్ కళాశాలయందు ప్రవేశించిరి. అచ్చట అవధానములు చేసి తమ ధారణాశక్తిని చూపిరి.

1914లో వారు న్యాయశాస్త్ర మభ్యసించుటకై ఐర్లండులోని డబ్లిను నగరమునకు బయలుదేరిరి. అప్పటికి వారి కుమారుడు గోపీచందు పసివాడు. ఈతడే తరువాత ప్రసిద్ధ కథకుడును నవలాకారుడునైనవాడు. ఆ యేడే ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగెను. రామస్వామిగారు న్యాయశాస్త్రముతోపాటు ఆంగ్లసాహిత్యమును, ఐరోపా నాగరికతను పరిశీలించిరి. 1916లో ఈస్టరు పండుగ దినములందు ఆ డబ్లిను వీధులలోనే ఐరిష్ ప్రజలు స్వాతంత్ర్యముకొరకు తిరుగబడిరి. ఆ తిరుగుబాటు అణచబడెను. మనవలెనే ఆంగ్లప్రభుత్వమునకు లోబడిన వేరొక జాతి నడుమ నివసించుట, ఏ కళాశాలయు బోధింపజాలని పాఠము. వారు విదేశమునుండియే కృష్ణాపత్రికకు వ్రాయుచు, అనీ బిసెంటుగారి స్వరాజ్యోద్యమమునకు తోడ్పడుడని ఆంధ్రుల నర్థించిరి.

1917లో స్వదేశమునకు మరలి, బందరునందును పిమ్మట తెనాలియందును న్యాయవాదవృత్తి నవలంబించిరి. కాని ఆ చదువు న్యాయస్థానమునకే పరిమితము కాలేదు. సంశయబుద్ధి వారికి డబ్లినులో నూతనముగ పుట్టినది కాదు. సాక్ష్యమును తూచి తీర్పుచెప్పు పద్ధతిని మాత్రము న్యాయవిద్య వారికి నేర్పెను. సాక్షిని ప్రశ్నించునట్లు వారు పురాణములను ప్రశ్నించిరి. తపస్సు చేసిన శూద్రుడు వధార్హుడెట్లగునని శంబుకవధ నాటకమున విచారించిరి, సూతపురాణమును రచించిరి. వధూవరులకు తెలియని భాషలో ప్రమాణములు చేయించుట తగదని వివాహవిధిని తెనుగున కూర్చి, అనేక వివాహములను తామే జరిపించిరి. వారి తీర్పులన్నిటితో మన మేకీభవింపనక్కరలేదు. కొన్నియెడల వారి వాక్కు మిక్కిలి పరుషము. అయినను ప్రశ్నించు హక్కు ప్రతి మనుష్యునికి కలదని వారు స్థాపించిరి.

ఈ ధైర్యమునకు వారు మూల్యము చెల్లింపవలసివచ్చెను. తెనాలి పురపాలకసంఘాధ్యక్షులై యుండగా గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించిరి. సహసభ్యులు భయపడి, అవిశ్వాసతీర్మానముచే వారిని పదవినుండి తొలగించిరి. వారు తమ నిర్ణయమును మార్చుకొనలేదు. పిమ్మట జరిగిన యెన్నికలలో ప్రజలు వారినే మరల నెన్నుకొనిరి. 1943వ సంవత్సరము జనవరి 16వ తేదీన వారు పరమపదించిరి. 1987లో, వారి శతజయంతివేళ, భారతప్రభుత్వము వారి పేర తపాలబిళ్ళను వెలువరించెను.

చదువరులారా! నేడు బందరు, గుడివాడ, దివిసీమ పల్లెలనుండి ఏటేట యువతీయువకులు విదేశవిద్యకై పోవుచున్నారు. సముద్రభయము పోయినది; కాని పొలము తాకట్టుపెట్టి పంపిన తల్లిదండ్రుల భయము వేరొకటి యున్నది. బిడ్డ అప్పు తీర్చునా, తమకు దూరమగునా యని వారి చింత. అప్పు తీర్చుట ధర్మమే, జీతమార్జించుటయు దోషము కాదు. అయితే పరదేశమున చదివినవాడు తన గ్రామాచారములను అంధముగ మ్రొక్కకయు, అంధముగ రోయకయు, న్యాయముగ పరీక్షింప నేర్చెనా యని చూడవలయును. రామస్వామిగారు డబ్లినునుండి తెచ్చిన పట్టము వారి కొక్కరికే జీవనోపాయమయ్యెను. వారు తెచ్చిన విచారణబుద్ధి పామరుని పెండ్లిపందిరివరకు నడచివచ్చెను. బిడ్డను ఓడ యెక్కించు తండ్రి ఈ రెండవ లాభమునుగూడ కోరి పంపవలయును.